సండే స్కూల్ పిల్లలకు ఇస్లాం గురించి చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టను?

ప్రశ్న (గుంటూరు, సండే స్కూల్ టీచర్):
అందరికీ వందనాలు. మా సంఘంలో 8, 9 తరగతుల పిల్లలు 18 మందికి నేను పాఠం చెబుతాను. మొన్న ఆదివారం ఒక బాబు లేచి, "మేడమ్, మా బెంచీలో కూర్చునే ముస్లిం అబ్బాయి యేసయ్యను మేమూ నమ్ముతాం అన్నాడు, అబద్ధమే కదా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక వచ్చే వారం చెబుతానన్నాను. పాస్టరు గారు రెండు క్లాసులు తీసుకోమన్నారు. పిల్లల విశ్వాసం కదులుతుందేమోనని కొందరు తల్లిదండ్రులకు టెన్షన్, వాళ్ళ మతం గురించి తప్పు చెబుతానేమోనని నాకు టెన్షన్. ఎవరైనా ఇలాంటి క్లాసు తీసుకున్నారా?

జవాబు (ఖమ్మం, రిటైరైన సోషల్ టీచర్):
సిస్టర్, ఆ బాబు అడిగిన దగ్గరే మొదలుపెట్టండి, అంతకంటే మంచి మొదలు దొరకదు. ఆ ముస్లిం అబ్బాయి అబద్ధం చెప్పలేదు. ఖురాన్‌లో 114 సూరాలు, అంటే అధ్యాయాలు, ఉంటే 19వ దానికి పేరే మర్యమ్, అంటే మన మరియమ్మ, మొత్తం ఖురాన్‌లో పేరుతో కనిపించే స్త్రీ ఆమె ఒక్కతే. పిల్లల చేత ముందు లూకా మొదటి రెండు అధ్యాయాలు చదివించండి, తర్వాత ఖురాన్ తెలుగు అనువాదంలో ఆ సూరా చదివించి ఏది కలిసింది, ఏది కలవలేదు అని వాళ్ళనే వెతకమనండి. దూత వచ్చి చెప్పడం, తండ్రి లేకుండా బిడ్డ పుట్టడం రెండిట్లోనూ ఉన్నాయి. పశువుల తొట్టి మాత్రం అక్కడ ఉండదు, ఖర్జూర చెట్టు కింద నొప్పులు పడే మర్యమ్ ఉంటుంది, ఉయ్యాల్లోని బిడ్డ మాట్లాడతాడు. నేను స్కూల్లో ఈ పాఠం చెప్పినప్పుడు పిల్లలు పిలవకుండానే బోర్డు దగ్గరికొచ్చి రాశారు.

కానీ పోలికలతో ఆపేయకండి, అది పిల్లల్ని మోసం చేసినట్టే. వాళ్ళకు ఈసా, అంటే యేసు, గొప్ప ప్రవక్త, దేవుని కుమారుడు కాదు. సిలువ మీద చనిపోలేదని 4వ సూరాలో ఉంది. మనకు సిలువే ఆధారం. ఈ తేడా మీ నోటితోనే, గొంతు పెంచకుండా చెప్పండి. రేపు బయట ఎవరో వెటకారంగా చెబితే వినడం కంటే అది మేలు.

జవాబు (తెనాలి):
అక్కా, నేను ముస్లింని, మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. రెండు మాటలు చెప్తాను. మమ్మల్ని మహమ్మదీయులు అనకండి, మేం ముహమ్మద్ ప్రవక్తను ఆరాధించం. అల్లాహ్ అంటే వేరే దేవుడి పేరని కూడా పిల్లలకు చెప్పకండి, అరబ్బీ మాట్లాడే క్రైస్తవుల బైబిల్లోనూ దేవుణ్ణి అల్లాహ్ అనే అంటారు. బక్రీద్ గురించి అడిగితే ఆదికాండము 22 తీయండి, అబ్రాహాము కథే అది, కాకపోతే బలికి తీసుకెళ్ళింది ఇస్మాయీల్‌నని మాలో ఎక్కువ మంది నమ్ముతారు.

ఇంకో కథ కూడా చెప్పండి. మక్కాలో హింస భరించలేక 615 ప్రాంతంలో కొందరు ముస్లింలు సముద్రం దాటి అబిసీనియాలో, అంటే ఇప్పటి ఇథియోపియా వైపు, ఒక క్రైస్తవ రాజు దగ్గరికి వెళ్ళారు. మీ ప్రవక్తకు దేవుడి దగ్గర నుంచి వచ్చిన మాటల్లో ఏదైనా చదవమని ఆయన అడిగితే, జాఫర్ అనే ఆయన ఆ మర్యమ్ సూరాయే చదివారని, రాజు కన్నీళ్ళు పెట్టుకుని, వెనక్కి తీసుకెళ్ళడానికి వచ్చిన మక్కా వాళ్ళకు వాళ్ళను అప్పగించనన్నాడని మా పెద్దలు చెబుతారు. చిన్నప్పుడు మా నానమ్మ ఈ కథ చెప్పినప్పటి నుంచి చర్చి గంట వింటే నాకు ఆ రాజు గుర్తొస్తాడు.

జవాబు (సికింద్రాబాద్):
మసీదుకు తీసుకెళ్ళాలనుకుంటే ముందు కమిటీ వాళ్ళతో మాట్లాడండి, ఆడపిల్లలు లోపలికి రావచ్చా అనేది కూడా అప్పుడే అడగండి. శుక్రవారం మధ్యాహ్నం వద్దు, జుమా నమాజు రద్దీ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం. ఒక భయం మాత్రం ఉంది, "మరి వాళ్ళు పరలోకానికి వెళ్తారా?" అని ఎవరైనా అడిగితే?

ఖమ్మం:
తప్పకుండా అడుగుతారు సిస్టర్. మన సంఘం ఏం నమ్ముతుందో మన నమ్మకంగా చెప్పండి, వాళ్ళు ఏం నమ్ముతారో వాళ్ళ నమ్మకంగా చెప్పండి. బెంచీలోని ఆ అబ్బాయి సంగతి తేల్చడం మాత్రం మీ పని కాదు, ఆ మాట కూడా పిల్లలకు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
తెనాలి తమ్ముడూ, రెండో క్లాసుకు మీరే రాగలరా? తల్లిదండ్రులకు ముందే చెబుతాను.

తెనాలి:
వస్తానక్కా. మతం మార్చే మాట నా నోట రాదని వాళ్ళకు నా తరఫున చెప్పండి. రంజాన్ కాబట్టి రోజాలో, అంటే ఉపవాసంలో, ఉంటాను, టీ, బిస్కెట్లు పెట్టకండి. వీలైతే క్లాసు సాయంత్రానికి మార్చండి, ఖర్జూరాలు తెస్తాను, పిల్లలతో కలిసే ఇఫ్తార్ చేస్తాను. సూర్యాస్తమయం తర్వాత చేసే మగ్రిబ్ నమాజుకు ఒక పక్కన కొంచెం చోటు చూపిస్తే చాలు.