చిత్రిక మిషన్‌లో చెక్క చెడితే ఏమంటారు? ‘రఫ్’ కాకుండా మాటలు కావాలి

గ్రూపులో వడ్రంగం తెలిసినవాళ్లు, ఆ ఇళ్లలో పెరిగినవాళ్లు ఉన్నారని అడుగుతున్నాను. చేత్తో పట్టే చిత్రికను తోపడ అనేవాళ్లున్నారు, హైదరాబాద్‌లో అయితే రందా అంటారు. కానీ బోయిగూడ వైపు టింబర్ డిపోల దగ్గర ప్లేనర్ మీద, అంటే తిరిగే బ్లేడులతో చెక్కను నున్నగా చేసే చిత్రిక మిషన్ మీద, ఆడించిన చెక్క బాగా రాకపోతే అందరం ఒకటే మాట అంటాం, ‘రఫ్ వచ్చింది’ అని. అది విని ఆపరేటర్ ఇంకోసారి ఆడిస్తాడు, చెక్క ఇంకో మిల్లీమీటరు పోతుంది, గరుకు మాత్రం అలాగే ఉంటుంది. ఒక్కో గరుకుకి కారణం వేరు కదా. నాకు తోచిన మాటలు రాస్తున్నాను, మీ వైపు ఏమంటారో చెప్పండి.

ఎక్కువగా కనిపించేది పెచ్చు లేవడం. బ్లేడు నారకి ఎదురుగా వస్తే, తెగేలోపే నార పెకిలి వస్తుంది, గుంటలు పడతాయి. దీన్ని ‘ఎదురు లేచింది’ అందామని నా మాట, ఎందుకంటే మందు అందులోనే ఉంది: చెక్క కొస మార్చి పెడితే ఎదురు కాస్తా వాలు అవుతుంది. వేప లాంటి చెక్కలో మాత్రం నార ఒక పొర ఇటు, ఒక పొర అటు వాలి ఉంటుంది, ముడి చుట్టూ కూడా అది మెలి తిరుగుతుంది, అక్కడ ఎటు తిప్పినా కొంత ఎదురే. అప్పుడు కోత అర మిల్లీమీటరు లోపుకి తగ్గించి, పదునున్న బ్లేడుతో, నెమ్మదిగా పంపాలి. ముందు తడిగుడ్డతో పైపైన తుడిచి కొద్ది నిమిషాలు ఆగితే నార మెత్తబడి తెగుతుంది.

అయితే గుంటలన్నీ ఎదురు లేచినవే కావు. పొట్టు లాగే గొట్టం సరిగ్గా లాగకపోతే ఆ పొట్టు చెక్కను ముందుకు లాగే రోలర్ కింద ఇరుక్కుని చెక్క మీద నొక్కులు పడతాయి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, ఒక చుక్క నీళ్లు వేసి చూడండి, నొక్కు అయితే ఉబ్బి పైకి వస్తుంది, పెచ్చు ఊడిన చోట గుంట గుంటగానే ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి ‘రఫ్’ అనడమే నాకు అసలు నచ్చనిది.

ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి గీత ఉబ్బెత్తుగా ఉంటే బ్లేడు అంచు విరిగినట్టు. ‘చార’ అంటే చాలు. ఒక బ్లేడును మిల్లీమీటరు పక్కకి జరిపి బిగిస్తే ఆ చార తెగిపోతుంది.

— అన్నా, మరి రెండు కొసల దగ్గర రెండు మూడు అంగుళాలు లోతుగా తెగుతుంది కదా? మా కరీంనగర్ ఇంట్లో ‘కొస తిన్నది’ అంటాం.

చాలా బాగుంది, అదే ఉంచుదాం. చెక్క లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ బ్లేడుకి ముందూ వెనకా ఉన్న రోలర్లలో ఒక్కటే పట్టుకుంటుంది, అందుకే కొస లేచి బ్లేడుకి తగులుతుంది. బయట ఉన్న కొసను కాస్త ఎత్తి పట్టుకోవాలి, లేదా చెక్కలను ఒకదాని వెనుక ఒకటి ఆనించి పంపాలి. పొడవు ఎక్కువ ఉంచుకుని తర్వాత కోసేయడం ఇంకా నయం.

— గారూ, అడ్డంగా అలల్లాగా వస్తే? అదీ, దూది రేగినట్టు ఉండేదీ ఒకటేనా?

కాదండీ. అలలు కోత లెక్కను బట్టి వస్తాయి. మూడు బ్లేడులు, నిమిషానికి 5000 చుట్లు అంటే 15000 కోతలు, చెక్క నిమిషానికి 6 మీటర్లు పోతే కోతకీ కోతకీ 0.4 మిల్లీమీటర్లు, చేతికి తెలియదు. ఒక బ్లేడు మిగతావాటికన్నా పైకి ఉంటే దాని గుర్తే మిగులుతుంది, దూరం 1.2 మిల్లీమీటర్లు అవుతుంది, పాలిష్ పెట్టగానే కనిపిస్తుంది. బ్లేడులన్నీ ఒకే ఎత్తుకి కట్టాలి. దూదిలా రేగేది పచ్చి చెక్క వల్ల, లేదా మొద్దు బ్లేడు వల్ల. మెత్తటి చెక్కలో మరీ ఎక్కువ. పచ్చి చెక్కను ఎన్నిసార్లు ఆడించినా పోదు, ఇంట్లో వాడే ఫర్నిచర్‌కైతే తేమ 10–12 శాతానికి దిగేదాకా ఆరనివ్వాలి. నేను దాన్ని ‘నూగు’ అంటున్నాను. పనిలో వాడే మాట ఇంకొకటి ఉంటే, ఏ ఊరిదో కూడా రాయండి.