పాత అంబాసిడర్ పెట్రోలు ట్యాంకు: అతుకు వేయించాలా, కొత్తది పెట్టించాలా?

నల్లగొండ అంబాసిడర్:

మాది 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్. నాన్న కొన్న బండి. ఆయన పోయి ఆరేళ్లయింది, అప్పటి నుంచి నేనే చూసుకుంటున్నాను. ఎక్కువగా షెడ్డులోనే ఉంటుంది. నెలకు ఒకటి రెండుసార్లు నార్కట్‌పల్లి దాకా తిప్పి తెస్తాను.

ఈ వేసవిలో రెండు బాధలు మొదలయ్యాయి. ఒకటి, బంకులో పెట్రోలు పట్టడం లేదు. నాజిల్ పెట్టి నొక్కితే అర లీటరు పోసి టక్కుమని ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. పోసే అబ్బాయి ఓపిక పట్టలేక వదలకుండా నొక్కితే పెట్రోలు బుడబుడమంటూ మూతి దాకా ఎగదన్ని బాడీ మీద కారుతుంది. రెండోది, ట్యాంకు నిండా పోయించిన రోజు డిక్కీ తెరిస్తే కళ్లు మండేంత వాసన, తెల్లవారి చూస్తే నేల మీద అరచేయంత తడి. పది పన్నెండు లీటర్లే ఉన్నప్పుడు చుక్క కూడా పడదు.

ఇక్కడి మెకానిక్ ఒకరు ట్యాంకు పని అయిపోయిందని, హైదరాబాదులో రేకుతో కొత్తది చేయిస్తానని అంటున్నారు. ఇంకొకరు గ్యాస్ వెల్డింగ్‌తో అరగంటలో అతికిస్తానన్నారు. స్నేహితుడు మాత్రం ఇదంతా ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన పెట్రోలు వల్లే అంటున్నాడు. నాన్న నాటి ట్యాంకు తీసేయడానికి నాకు మనసొప్పడం లేదు. కానీ షెడ్డు ఇంటిని ఆనుకునే ఉంది, ఇంట్లో పిల్లలున్నారు. మీ మాట చెప్పండి.

జడ్చర్ల పద్మిని:

మార్చేయండి, ఆలోచించకండి. నా ప్రీమియర్ పద్మిని కారు ట్యాంకుకు మూడేళ్లు అతుకులు వేయించాను. ఒకచోట మూస్తే పక్కన చెమర్చేది. చివరికి ట్యాంకు దించి కోయించి చూస్తే లోపల తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. ఆ పొరలే పైపులో అడ్డం పడి, షాద్‌నగర్ దాటాక జాతీయ రహదారి మీద భార్యాపిల్లలతో రెండు గంటలు ఎండలో నిలబడ్డాను. అప్పటి రేకు దాదాపు యాభై ఏళ్లు పనిచేసింది, ఇంకెంత పని చేయమంటారు? స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించుకుంటే మీ పిల్లల కాలం దాకా ఉంటుంది. దానికి తోడు ఇప్పుడు వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. పాత ట్యాంకు దాన్ని ఓర్చుకోదు.

మిర్యాలగూడ మెకానిక్:

నల్లగొండ సార్, ట్యాంకు మీద చేయి వేయకముందు మీరు రాసిందే మీరు ఒకసారి చదువుకోండి. నిండా ఉంటేనే కారుతోంది, పది లీటర్లుంటే కారడం లేదు. అడుగు చిల్లు పడితే పది లీటర్లకైనా కారాలి. అంటే తప్పు పైభాగంలో ఉంది. పైన ఏముంటాయి? మూతి గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు పైపు, దాని క్లాంపులు, పెట్రోలు ఎంతుందో చూపే గేజి యూనిట్ కింది వాషరు, గాలి పోయే సన్న గొట్టం. ముప్పై ఎనిమిదేళ్లు ఈ పని చేశాను. ట్యాంకు పోయిందని నా దగ్గరికి తెచ్చిన బండ్లలో సగానికి పైగా పోయింది ట్యాంకు కాదు, ఆ రబ్బరు.

ఇలా చేయండి. ముగ్గు పిండి నీళ్లలో చిక్కగా కలిపి ఈ అతుకులన్నిటి చుట్టూ పూయండి. తెల్లగా ఆరాక ట్యాంకు నింపించి, బండిని గాలి ఆడే చోట నిలపండి. పెట్రోలు ఎక్కడ ఊరితే అక్కడ పిండి తడిసి మచ్చ పడుతుంది. దీపం, అగ్గిపుల్ల, బీడీ దగ్గరికి రానివ్వకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుని దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది.

ఇక బంకులో పట్టకపోవడం. నాజిల్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపు ఆ రంధ్రం గాలి పీలుస్తుంది. పెట్రోలు గాని నురగ గాని దాన్ని మూయగానే నాజిల్ లోపలి కవాటం మూసుకుపోతుంది. మీ ట్యాంకులోకి పెట్రోలు వెళ్తుంటే అంత గాలి బయటికి రావాలి. సన్న మూతి సీసాను నీళ్లలో ముంచితే బుడబుడమంటుంది చూడండి, మీ బండిలో జరిగేది అదే. గాలి గొట్టం మూసుకుపోయి ఉంటుంది, లేదా ఎక్కడో నొక్కుకుపోయి ఉంటుంది. ఆ గాలి మూతి గొట్టంలోనే ఎదురొచ్చి పెట్రోలును వెనక్కి తోస్తోంది. చూడండి, మీ రెండు బాధలకూ ట్యాంకు రేకుతో సంబంధం లేకపోవచ్చు.

ఇంకొక్క మాట. ఆయిలు పుల్ల తీసి వాసన చూడండి. ఇంజిన్‌కు పెట్రోలు అందించే పాత పంపులో రబ్బరు పొర చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది, బయట చుక్క కూడా కనిపించదు.

పాలమూరు లెక్చరర్:

ఇథనాల్ గురించి ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం. ఇరవై శాతం కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్ల భాగాలు దానికి తట్టుకునేలా వచ్చాయి. 1978 నాటి రబ్బరు మాత్రం దాన్ని ఎరగదు. ఇథనాల్ తగిలితే పాత రబ్బరు మొదట ఉబ్బుతుంది, తర్వాత పగులుతుంది. పాత ట్యాంకు గోడలకు అంటిన జిగురును కూడా అది కరిగించి ఫిల్టర్లోకి తెస్తుంది. దీన్ని ఎవరూ కాదనలేరు. అయితే రేకుకు చిల్లులు పెట్టేది ముఖ్యంగా నీరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకపోతే ఆ నీరు విడివడి అడుగుకు చేరి తుప్పు పుట్టిస్తుంది. బండి తరచుగా నడిస్తే, ట్యాంకు ముప్పావు వంతు నిండి ఉంటే ఈ ముప్పు చాలా తగ్గుతుంది. అందుకే జడ్చర్ల అన్న చెప్పిన తుప్పు నిజమే అయినా, దానికి కారణం ఇథనాల్ ఒక్కటే అనడం సరికాదు. ఇథనాల్ రాకముందే ఎన్నో ట్యాంకులు తుప్పుపట్టాయి.

ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు. పెట్రోలు పది డిగ్రీల వేడికి దాదాపు ఒక శాతం వ్యాకోచిస్తుంది. బంకు భూగర్భ ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 54 లీటర్లు నల్లగొండ ఎండలో ఇరవై డిగ్రీలు వేడెక్కితే ఒక లీటరు పెరుగుతుంది. నిండా పోయించిన ట్యాంకులో ఆ లీటరు ఎక్కడికి పోవాలి? బలహీనంగా ఉన్న అతుకు నుంచే పోతుంది. వేసవిలో మూతి దాకా పోయించకండి.

జడ్చర్ల పద్మిని:

లెక్చరర్ సార్, కారణం నీరైనా ఇథనాలైనా యాభై ఏళ్ల రేకు పలచబడిందన్నది మారదు కదా. రబ్బరు మార్చి సంతోషపడితే ఆరు నెలలకు అడుగు కారుతుంది. అప్పుడు అది పిల్లలున్న ఇంటి షెడ్డులో కారుతుంది. నా పట్టుదల అందుకే.

సూర్యాపేట పాత బండి:

మార్చండి, మార్చకండి, అది మీ ఇష్టం. గ్యాస్ వెల్డింగ్ మాత్రం వద్దు. చేతులెత్తి మొక్కి చెబుతున్నాను. మా బావ షెడ్డులో రెండు రోజులు ఎండలో ఆరబెట్టిన ఖాళీ ట్యాంకుకు మంట పెట్టారు. ఖాళీ అనుకున్నారు. రేకు మడతల్లో దాగిన పెట్రోలు వేడికి ఆవిరై పేలింది. బావకు కుడిచేతి రెండు వేళ్లు పోయాయి, ఒక చెవి సరిగా వినపడదు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదమని ఆ రోజు తెలిసింది.

అతుకు తప్పదనుకుంటే టంకం వేయించండి. ముందు వేడినీళ్లు, సబ్బుపొడితో నాలుగైదుసార్లు కడగాలి. అతుకు వేసే చోటు పైకి వచ్చేలా ట్యాంకును తిప్పి, దానికి ఒక అంగుళం కింది దాకా నీళ్లు నింపాలి. నీరు రేకుకు తగిలితే టంకం పట్టదు, కాబట్టి ఆ అంగుళం వదలాలి. రేకు మెరిసేదాకా గీకాలి. రాగి మొన ఉన్న కడ్డీని దూరంగా ఎక్కడో కాల్చి తెచ్చి అంటించాలి. ట్యాంకు దగ్గర మంట ఉండకూడదు.

నల్లగొండ అంబాసిడర్:

అందరికీ నమస్కారం. ముగ్గు పిండి పరీక్ష చేశాను. గేజి దగ్గర పొడిగానే ఉంది. రబ్బరు పైపు కింది క్లాంపు చుట్టూ గంటలో మచ్చ పడింది. విప్పి చూస్తే లోపలి వైపు ఉబ్బి మెత్తబడి, బయట నెర్రెలిచ్చింది. అది అసలు పైపు కూడా కాదు, ఎవరో ఎప్పుడో రేడియేటర్ పైపు ముక్క కోసి తొడిగారు. గాలి గొట్టంలో కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంది. సన్న తీగతో గూడు తీసి, సైకిలు పంపుతో ఊదాను. ఆయిల్లో పెట్రోలు వాసన లేదు.

మిర్యాలగూడ మెకానిక్:

రేడియేటర్ పైపు నీటికి చేసినది సార్, పెట్రోలుకు ఉబ్బుతుంది. మూతి గొట్టానికి పెట్రోలు పోసే పైపే అడిగి తీసుకోండి. ఇంజిన్ వైపు సన్న పైపులకు ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు వేసి ఉన్నవి వేయించండి, ఇథనాల్‌కు తట్టుకుంటాయి. జడ్చర్ల తమ్ముడు చెప్పిన తుప్పును నేను కొట్టిపారేయడం లేదు. పంపుకు ముందు పారదర్శక ఫిల్టరు పెట్టి ప్రతి 500 కిలోమీటర్లకు చూడండి. ఎర్రటి పొడి కొద్దిగా వస్తే పరవాలేదు. రేకు పొరలు వస్తే ట్యాంకు దించాల్సిందే. కొత్తది చేయించినా లోపలి అడ్డురేకులు, గాలి గొట్టం పాతదానిలాగే ఉండాలి. ఇవి వదిలేసి ఉత్త డబ్బా చేసిచ్చేవారున్నారు. అలాంటి దానిలో మలుపు తిరిగినప్పుడల్లా పెట్రోలు ఒక మూలకు కొడుతుంది, బంకులో మళ్లీ ఇదే బాధ.

జడ్చర్ల పద్మిని:

అడ్డురేకుల మాట నిజమే అన్నా, నాకు చేసినవాళ్లు మొదట వదిలేశారు, వెనక్కి తీసుకెళ్లి పెట్టించాను. అయినా నా మాట మార్చుకోను. పొరలు కనిపించేదాకా ఆగడం నాకైతే ధైర్యం చాలదు. నల్లగొండ సార్‌కు కొలతలు ఎలా తీయించాలో, ఏ మందం రేకు వేయించానో విడిగా రాస్తాను.

నల్లగొండ అంబాసిడర్:

పైపు మార్చాక ముప్పై లీటర్లు పోయించాను. నాజిల్ ఒక్కసారి కూడా ఆగలేదు. పది రోజులైంది, నేల పొడిగా ఉంది, డిక్కీలో వాసన లేదు. నిన్న దేవరకొండ వెళ్లి వచ్చి ఫిల్టరు విప్పితే చిటికెడు ఎర్రటి పొడి ఉంది, పొరలు లేవు. నాన్న నాటి ట్యాంకే ఉంచుతున్నాను. జడ్చర్ల అన్నా, ఆ కొలతల సంగతి మాత్రం తప్పకుండా పంపండి. బండిని ఇంటికి ఆనుకున్న షెడ్డులోంచి తీసి, పెరట్లో గాలి ఆడే పందిరి కిందికి మార్చాను.