400 గజాల ఎల్క్‌కి 6.5 క్రీడ్‌మూర్ సరిపోతుందా? 1,500 డాలర్లలో రైఫిల్, స్కోపు

వేటకొత్త:
అమెరికాలోని కొలరాడోలో ఆడ ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటకి లైసెన్సు. 9,000 అడుగుల ఎత్తు, అక్టోబరు చివర. దూరం 400 గజాలు దాటనివ్వను. రైఫిల్, స్కోపు, దాన్ని బిగించే రింగులు కలిపి 1,500 డాలర్లు. తన్ను (పేల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) తక్కువుండాలి. షాపువాళ్ళు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద తూటా తప్ప ఇంకేదీ ఎల్క్‌కి పనికిరాదంటున్నారు. నాకు 6.5 క్రీడ్‌మూర్ అనే చిన్న తూటా నచ్చింది. తప్పు చేస్తున్నానా?

గజంబద్ద:
తప్పేం లేదు. ముందు తన్ను లెక్క చూడండి. స్కోపుతో కలిపి ఎనిమిదిన్నర పౌండ్ల రైఫిల్ అనుకుంటే, 143 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) 6.5 క్రీడ్‌మూర్ దాదాపు 13 ఫుట్-పౌండ్లు (శక్తి కొలత) తన్నుతుంది. 140 గ్రెయిన్ల 7ఎంఎం-08 తూటా కూడా అటూఇటుగా అంతే. 180 గ్రెయిన్ల .30-06 అయితే 21. అదే బరువు బుల్లెట్‌తో .300 మాగ్నమ్ 28, అంటే క్రీడ్‌మూర్‌కి రెట్టింపు పైనే. కొత్తవాళ్ళు ఆ 28కి భయపడి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసేస్తారు. అలా పోయే తూటా ఎంత పెద్దదైతే ఏం లాభం?

చట్టం అడ్డురాదు. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం .24 కాలిబర్ (అంగుళాల్లో బుల్లెట్ వెడల్పు), తగిలాక విచ్చుకునే బుల్లెట్, 85 గ్రెయిన్లు, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉంటే చాలు. 6.5కి ఇవన్నీ ఉన్నాయి.

థర్టీ_ఆట్_సిక్స్_తాత:
చట్టం ఒప్పుకుంటే సరిపోయిందా బాబూ? .243 అనే చిన్న తూటా కూడా చట్టప్రకారం చెల్లుతుంది, దాంతో 400 గజాల్లో ఎల్క్‌ని కొడతామా? మన కణుజుకి పెద్దన్న లాంటి జంతువిది. ఆడది 225 కిలోలు, పోతు 300 దాటుతుంది. పాత వేటగాళ్ళ లెక్కలో ఎల్క్‌ని తాకేటప్పుడు 1,500 ఫుట్-పౌండ్లు మిగలాలి. 143 గ్రెయిన్ల హంటింగ్ లోడు డబ్బా మీద చూడండి: గొట్టం మూతి దగ్గర 2,315, 400 గజాల్లో 1,475, 500లో 1,300. నాలుగొందలకే గీత కిందకి వచ్చేసింది.

పైగా డబ్బా మీది సెకనుకి 2,700 అడుగుల వేగం 24 అంగుళాల గొట్టానిది. చవక రైఫిళ్ళు చాలా వరకు 20, 22 అంగుళాలవే. అంగుళం తగ్గితే సెకనుకి 25 అడుగుల చొప్పున వేగం పోతుంది. 20 అంగుళాల గొట్టంలో 2,600 వస్తే గొప్ప.

గజంబద్ద:
తాతగారూ, గొట్టం సంగతి ఒప్పుకుంటా, 22 కంటే పొట్టిది తీసుకోవద్దు. కానీ మీ అంకెలు సముద్రమట్టానివి. 9,000 అడుగుల్లో గాలి నాలుగో వంతు పలచన. అక్కడ బుల్లెట్ వేగం నిదానంగా తగ్గుతుంది. 2,700తో బయల్దేరితే 1,500 గీత సుమారు 385 గజాల నుంచి 500 దాకా జరుగుతుంది. మీరన్న 2,600 గొట్టంతో కూడా 400 దగ్గర ఆ గీత మీదే ఉంటుంది.

గాలి కోత సంగతి కూడా చూద్దాం. గంటకి 10 మైళ్ళ అడ్డగాలిలో 400 గజాల దగ్గర 6.5 తొమ్మిది అంగుళాలు పక్కకి పోతే, 200 గ్రెయిన్ల .300 మాగ్నమ్ ఎనిమిది పోతుంది. ఆ ఒక్క అంగుళం కోసం రెట్టింపు తన్ను తినాలా?

థర్టీ_ఆట్_సిక్స్_తాత:
ఎత్తు సంగతి సరే. అంగుళం గురించి గొడవ లేదు, నా గొడవ కోణం గురించి. జంతువు నిటారుగా పక్కకి తిరిగి నిలబడితే 6.5తో పడుతుంది, కాదనను. ఛాతీ మనవైపు ఏటవాలుగా తిప్పి నిలబడిందనుకోండి, భుజం ఎముక దాటి పోవాలి. మెత్తని బుల్లెట్ అక్కడే ముక్కలవుతుంది. ఎల్క్ ఊపిరితిత్తి ఒక్కటే తెగితే కొండెక్కి మైలు దూరం పోగలదు. రెండోవైపు చిల్లు పడకపోతే నెత్తురు చుక్క కూడా దొరకదు. పొదల్లో ఎక్కడని వెతుకుతారు?

గజంబద్ద:
అది కాలిబర్ తప్పు కాదు, బుల్లెట్ ఎంపికలో తప్పు. తొడుగు సీసానికి అతికిన బాండెడ్ రకం, నోస్లర్ ఆక్యుబాండ్ లాంటిది, లేదా లోపల అడ్డుగోడ ఉన్న పార్టిషన్ రకం తీసుకోవాలి. పూర్తి రాగి బుల్లెట్లు ఎముకని బాగా దాటతాయి. కానీ వాటిలో చాలా రకాలు వేగం 1,800–2,000 కిందకి పడితే సరిగ్గా విచ్చుకోవు, సూదిలా దూరిపోతాయి. దూరం కొట్టేవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఏటవాలు కోణమంటారా, 6.5తో ఆ గురి వదిలేయాలి. అది పక్కకి తిరిగేదాకా ఆగడమే.

పాలమూరు_పోరడు:
అన్నా, మీరిద్దరు తూటా కాడనే ఆగిన్రు. పైసల లెక్క ఎవ్వరు చెప్తలేరు. 1,500ల రైఫిల్‌కు 600–750 పెట్టున్రి. రూగర్ అమెరికన్, హోవా 1500 అండ్లనే దొరుకుతయ్. సావేజ్ ఆక్సిస్ 2 ఇంకా అగ్గువ, గని దాని ప్లాస్టిక్ స్టాకు (భుజానికి ఆన్చే పిడి) మెత్తగుంటది. బైపాడ్ (రెండు కాళ్ళ ఆసరా) మీద బరువేస్తే ముందుభాగం వంగి గొట్టానికి తాకుతది, గురి జరుగుతది. టిక్కా టీ3ఎక్స్ లైట్ బోల్టు వెన్న లెక్క జారుతది, గని కొంచెం పిరం. అది కొంటే స్కోపుల కోత పడ్తది. ఇంకోటి, లైట్ రైఫిల్ అంటే తన్ను పెరుగుతది. మోయనీకి ఆరున్నర పౌండ్లు మంచిగనే ఉంటది, భుజానికి గాదు.

స్కోపుకు 400–500. రింగులకు 60. మిగిలిన 250 తూటాలకు. 6.5 డబ్బా, 20 తూటాలు, 40–55 డాలర్లు. మాగ్నమ్‌ది అంతకన్న పిరం. పైసలు అయిపోయి ప్రాక్టీసు ఆపేసెటోళ్ళే ఎక్కువ.

స్కోపు కొన్నంక పొడుగు కాగితం పరీక్ష చెయ్యున్రి, తిప్పినంత గురి జరుగుతుందో లేదో తెలుస్తది. టేపు వెట్టి 100 గజాలు కొలిచి, కాగితం మీద దారానికి రాయి గట్టి నిలువు గీత గియ్యున్రి. కింద చుక్క మీద అయిదు కొట్టి, టరెట్ (స్కోపు మీద గురి మార్చే చక్రం) 20 ఎంఓఏ (కోణం కొలత) పైకి తిప్పి, అదే చుక్కకు గురివెట్టి ఇంకో అయిదు. రెండు గుంపుల నడుమ 20.9 అంగుళాలు రావాలె. మిల్ (ఇంకో కోణం కొలత) టరెట్ అయితే 10 మిల్‌కు 36. మళ్ళ సున్నాకు తెచ్చి కొడితే మొదటి గుంపులనే పడాలె. పైగుంపు గీతకు పక్కన పడితే స్కోపు వంకరగ బిగిచ్చిన్రన్నట్టు.

థర్టీ_ఆట్_సిక్స్_తాత:
పరీక్ష మంచిదే. కానీ 400 గజాల కోసం టరెట్ తిప్పడం నాకు దండగనిపిస్తుంది. 200 గజాలకి సున్నా పెడితే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తూటా పడేలా సరిచేస్తే, 6.5 బుల్లెట్ 300 దగ్గర 8 అంగుళాలు, 400 దగ్గర 22–23 అంగుళాలు దిగుతుంది. అది అయిదున్నర ఎంఓఏ. స్కోపు నూటికి మూడు వంతులు తప్పు తిరిగినా అంగుళం కూడా తేడా రాదు. సున్నా నిలబడటం ముఖ్యం. లోపల దూరాల గుర్తు గీతలున్న 3–9x40 స్కోపు (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది), టరెట్లకి మూతలతో, 250 డాలర్లలో వస్తుంది. సంచిలో రుద్దుకుని టరెట్ తిరిగిపోయే బాధ లేదు. ఒక్క జాగ్రత్త: ఆ గీతల లెక్క సాధారణంగా 9x దగ్గరే సరిపోతుంది. 5x మీద పెట్టుకుని 400 గుర్తుతో కొడితే తూటా వీపు మీదుగా పోతుంది.

పాలమూరు_పోరడు:
మూతల సంగతి నిజమే తాతా, గది ఒప్పుకుంట. మిగిలిన పైసలతోని రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచేది) కొనొచ్చు. కొండ వాలు కోణం లెక్కగట్టేదే తీస్కోవాలె.

కాగితాలరాయుడు:
వేటకొత్త గారూ, మీ వీసా ఏంటో చెప్పలేదు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. గడువు తీరితే అదీ పోతుంది. గ్రీన్‌కార్డు వాళ్ళకి ఈ చిక్కు లేదు. 1949 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి.

వేటకొత్త:
గ్రీన్‌కార్డు, సర్టిఫికెట్ రెండూ ఉన్నాయండి. 22 అంగుళాల 6.5, బాండెడ్ బుల్లెట్, మూతల స్కోపు అనుకుంటున్నా. గొట్టం చివర మజిల్ బ్రేక్ (పేలుడు వాయువుని పక్కలకి మళ్ళించే ముక్క) పెట్టిస్తే తన్ను ఇంకా తగ్గుతుందా?

గజంబద్ద:
తగ్గుతుంది, కానీ మోత పక్కలకి, వెనక్కి కొడుతుంది. చెవికి రక్షణ లేకుండా ఒక్కసారి పేల్చినా వినికిడి దెబ్బతినొచ్చు. 13 ఫుట్-పౌండ్లకి బ్రేక్ అక్కర్లేదు. గొట్టం చివర మర ఉన్న రైఫిల్ కొంటే తర్వాత సప్రెసర్ (మోత తగ్గించేది) పెట్టుకోవచ్చు. దాని 200 డాలర్ల ఫెడరల్ పన్ను 2026 జనవరి నుంచి సున్నా అయింది. ముందు స్టాకు పొడవు చూసుకోండి. పొట్టివాళ్ళకి పొడుగు స్టాకు పెడితే మెడ సాగుతుంది, స్టాకు మరీ పొట్టిదైతే కన్ను స్కోపుకి దగ్గరవుతుంది. కొండకి ఎదురు పడుకుని కొట్టినప్పుడు కనుబొమ తెగేది అందుకే. కంటికి, స్కోపుకి మధ్య మూడున్నర అంగుళాలకి తగ్గకూడదు.

థర్టీ_ఆట్_సిక్స్_తాత:
నేనైతే ఇప్పటికీ .30-06 అనే అంటా. 6.5 తీసుకుంటే మాత్రం ఒకటి చేయండి. 8 అంగుళాల పేపర్ ప్లేటు పెట్టి, చల్లటి గొట్టంతో, బల్ల మీద కాకుండా బ్యాగు మీద ఆన్చి, రోజుకి ఒక్కటే మొదటి తూటా లెక్కేయండి. పదిలో తొమ్మిది ఎంత దూరంలో తగులుతాయో అదే మీ హద్దు. అది 280 అని తేలితే, మొదట 400 అనుకున్నామని హద్దు ముందుకి జరపొద్దు.

పాలమూరు_పోరడు:
రింగు మరలు 15–18 ఇంచ్-పౌండ్ల టార్క్‌తోనే బిగియ్యి తమ్మీ. మరలు వదులుగాకుండ వేసే గమ్ము రైఫిల్ మీది బేసు మరలకే, రింగులకు గాదు. ఎక్కువ బిగిస్తే స్కోపు గొట్టం నొక్కుకపోతది, గప్పుడు ఎంత తిప్పినా సున్నా నిలవది.