గుండెపోటులో పోటు ఉందా?

కత్తిపోటు, వెన్నుపోటు, పంటిపోటు... అన్నిటా పొడవడమే. పొడుచు నుంచే కదా పోటు వచ్చింది! మరి రక్తపోటులో పొడిచేది ఏమిటి? గుండెపోటులోది ఏ పోటు?

— రక్తపోటులోది ఆటుపోట్ల పోటు, అంటే పొంగు. గుండెపోటులోది పొడుపే అనుకుంటాను. తిరుమలలో లడ్డూలు చేసే పోటు సంగతి వేరు, దాన్ని ఇందులోకి లాగకండి.

— పొడుపే అయితే ఆ పేరు రోగానికి అంతగా అతకదండీ. నేను అత్యవసర విభాగంలో పనిచేస్తాను. గుండెపోటుతో వచ్చినవారిలో "పొడుస్తోంది" అనేవారు తక్కువ. "రోలు ఎత్తి పెట్టినట్లుంది", "పట్టేసింది" అంటారు. పిడికిలి బిగించి రొమ్ము మధ్యన ఆనిస్తారు. ఒక్క వేలితో చోటు చూపించి, ఊపిరి తీసినప్పుడల్లా పొడుస్తోందంటే మా అనుమానం కాస్త తగ్గుతుంది. అయినా ఈసీజీ తీయకుండా పంపం. మధుమేహం ఉన్నవారికి ఒక్కోసారి నొప్పే ఉండదు. ఆయాసం, చెమటలు, అంతే.

గుండెపోటుకు 2018లో సవరించిన అంతర్జాతీయ నిర్వచనంలోనూ నొప్పి తప్పనిసరి కాదు. గుండె కండరం దెబ్బతింటే అందులోని ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. అది ఆరోగ్యవంతుల కొలతల్లో 99వ పర్సెంటైల్ దాటాలి, అంటే నూటికి 99 మందిలో ఉండే స్థాయిని మించాలి. అదొక్కటే చాలదు, మూత్రపిండాల జబ్బులో అది ఎప్పుడూ ఎక్కువగానే ఉండవచ్చు. అందుకే కొన్ని గంటల తేడాతో మళ్లీ రక్తం తీసి, పెరిగిందా తగ్గిందా అని చూస్తాం. దానికి తోడు కండరానికి రక్తం అందలేదనే ఆధారం ఒక్కటైనా కావాలి: లక్షణాలో, ఈసీజీలో కొత్త మార్పో, ఎకోలో (గుండె స్కాన్‌లో) కదలిక తగ్గిన గుండె గోడో, యాంజియోగ్రామ్‌లో గడ్డో. ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం స్పష్టంగా పైకి లేచి ఉంటే మాత్రం ట్రోపోనిన్ ఫలితం కోసం కాచుకోం. ముందు రక్తనాళం తెరిపించాలి.

— మరి పత్రికల్లో "గుండెపోటుతో కుప్పకూలి మృతి" అంటారే?

— కుప్పకూలితే గుండె ఆగిందని అనుమానించాలి. దానికి గుండెపోటు ఒక కారణం కావచ్చు, వేరే కారణాలూ ఉన్నాయి. గుండె ఆగడానికి జనం నోట నిలిచిన పేరు లేక అన్నిటినీ పోటు ఖాతాలోనే రాస్తున్నారు. కొందరైతే "గుండెకు స్ట్రోక్" అంటారు, స్ట్రోక్ మెదడుది!

— అయితే "గుండెపట్టు" అందామా?

— వద్దండీ, కుస్తీలా ఉంది. పేరు మార్చనక్కర్లేదు. మొన్న ఒక పెద్దాయన తెల్లవారుజామున వచ్చారు. రాత్రి పదింటికే ఛాతీ బరువెక్కిందట. "పోటు లేదుగా, గ్యాసే" అని సోడా తాగి పడుకున్నారట. ఈసీజీ కాగితం యంత్రంలోంచి సగం బయటికి రాకముందే మాకు తెలిసిపోయింది.