పెద్దవాళ్ళ ఇంటికి కార్డ్‌లెస్ ఫోన్: ఆన్సరింగ్ మెషిన్ ఉన్నది కొనాలా, వద్దా?

వేళచ్చేరి కోడలు
అందరికీ నమస్కారం. మా అత్తగారు, మామగారు చెన్నై పెరంబూర్‌లో సొంతింట్లో ఉంటారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ల్యాండ్‌లైన్ హాల్లో టీవీ పక్కన ఉంది. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట బంధువులందరి దగ్గరా ఆ 044 నంబరే ఉంది, కాబట్టి దాన్ని తీసేసే ప్రశ్నే లేదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వంటింట్లోంచి వచ్చేసరికి రింగ్ ఆగిపోతుంది. పోయిన నెల కంగారుగా వస్తూ గడప తట్టుకుని పడ్డారు. దేవుడి దయ వల్ల ఎముక విరగలేదు.

ఈ మధ్యే రాగి తీగ తీసేసి ఫైబర్ వేశారు, నంబరు మాత్రం పాతదే. రెండు హ్యాండ్‌సెట్లు ఉన్న కార్డ్‌లెస్ కొందామనుకుంటున్నాను, వంటింట్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి. ఆన్సరింగ్ మెషిన్ (మనం ఎత్తకపోతే తనే ఎత్తి అవతలివాళ్ళ మెసేజీ రికార్డ్ చేసేది) కూడా ఉంటే ఆవిడ పరుగెత్తక్కర్లేదని నా ఆలోచన. మావారు అది అనవసరం అంటున్నారు. వాడినవాళ్ళు చెప్పండి, ఏం చూసి కొనాలి?

కోడంబాక్కం_కిరణ్
స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి మెడలో వేసుకోమనండి. ఈ రోజుల్లో ల్యాండ్‌లైన్ ఎందుకండీ?

ఎక్స్ఛేంజి బాబాయ్
కిరణ్ బాబూ, ఆవిడ అడిగింది అది కాదు. డెబ్బై దాటిన వాళ్ళలో చాలామందికి తెర మీద వేలు జరిపి ఫోన్ ఎత్తడం నిజంగానే కష్టం. బటన్ ఉన్న ఫోన్ చేతికి తెలుస్తుంది.

అమ్మా, నేను టెలిఫోన్ శాఖలో లైన్ల మీద పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. నా మాట విని తీగ ఉన్న మామూలు ఫోన్ పెట్టండి. కార్డ్‌లెస్ బేస్‌కు, అంటే లైను వచ్చి చేరే పెట్టెకు, ఇంటి కరెంటు కావాలి. కరెంటు పోతే బేస్ పోయింది, బేస్ పోతే ఎన్ని హ్యాండ్‌సెట్లు ఉన్నా ఒక్కటీ పనిచెయ్యదు. తీగ ఫోన్‌కు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే 48 వోల్టులు వస్తాయి, ఇంట్లో దీపం లేకపోయినా మోగుతుంది. 2015 డిసెంబరు వరదల్లో మా వీధిలో ఒక్క సెల్‌ఫోనుకూ సిగ్నల్ లేదు. మా ఇంట్లో ల్యాండ్‌లైన్ మాత్రం పలికింది. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి ఊళ్ళకు ఫోన్ చేసుకుని వెళ్ళారు. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే.

అంబత్తూర్ శీను
బాబాయ్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఆవిడ ఇంటికి వచ్చింది ఫైబర్. ఫైబర్‌లో గాజు పోగు గుండా వెలుతురు వెళ్తుంది, 48 వోల్టులు రావు. గోడకు బిగించిన ఓఎన్‌టీ పెట్టెలోంచే (ఆ వెలుతురును ఫోన్ సిగ్నల్‌గా మార్చేది) ఫోన్ లైన్ వస్తుంది. కరెంటు పోతే ఆ పెట్టే ఆగిపోతుంది, దాంతో మీ తీగ ఫోనూ మూగబోతుంది. ఇక తేడా ఏముంది?

నా సలహా: తప్పకుండా ఆన్సరింగ్ మెషిన్ ఉన్నదే కొనండి. కారణం మోకాళ్ళ నొప్పులు కాదు, దొంగ కాల్స్. మా నాన్నగారింట్లో పెట్టాను. మా అన్నయ్య అమెరికా నుంచి మూడు హ్యాండ్‌సెట్ల సెట్ తెచ్చాడు. మన దగ్గర దొరికేవాటికన్నా చాలా బాగుంది.

గిండీ_రేడియో
అమెరికా సెట్ మాత్రం వద్దండీ, దయచేసి. అక్కడి కార్డ్‌లెస్‌లు డెక్ట్ 6.0 (డెక్ట్ అంటే కార్డ్‌లెస్ ఫోన్ల రేడియో ప్రమాణం) పేరుతో 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఇక్కడ 1920 నుంచి 1980 వరకు ఉన్నది సెల్‌ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారి. టవర్‌కు దగ్గర్లో ఆ సెట్ పెడితే చుట్టుపక్కల వాళ్ళ మొబైల్ సిగ్నల్ చెడుతుంది. ఇక్కడ దానికి అనుమతి లేదు. యూరప్ డెక్ట్ 1880 నుంచి 1900 మధ్యలో ఉంటుంది, అది వేరు. ఇక్కడి షాపుల్లో అమ్మే 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు చట్టపరంగా ఇబ్బంది లేదు, కానీ ఇంట్లో వైఫై కూడా అదే బ్యాండ్‌లో ఉంటే మాటలో గరగర వస్తుంది. బేస్‌ను రూటర్‌కు దూరంగా పెట్టాలి.

ఇంకొకటి, అడాప్టర్ మీద 120 వోల్టులు అని మాత్రమే రాసి ఉంటే మన 230లో పెట్టగానే కాలిపోతుంది.

అంబత్తూర్ శీను
కన్వర్టర్ పెట్టే వాడుతున్నాను. ఇప్పటిదాకా ఎవరూ వచ్చి నా వల్ల సిగ్నల్ పోయిందని చెప్పలేదు.

గిండీ_రేడియో
సిగ్నల్ ఎందుకు పోయిందో పక్కింటివాళ్ళకు ఎలా తెలుస్తుంది శీనూ? కంపెనీకి ఫిర్యాదు చేస్తారు, వాళ్ళు టవర్ చూసి వెళ్తారు.

పల్లావరం_పద్మ
ఈ డెక్ట్ మీదే మన ఐఐటీ మద్రాసు వాళ్ళు 1990ల్లో కోర్‌డెక్ట్ చేశారు కదా, తీగ లాగలేని పల్లెలకు ఫోన్ ఇవ్వడానికి. అక్కడి ప్రొఫెసర్ ఝున్‌ఝున్‌వాలా గారి బృందం, మిడాస్ కంపెనీ కలిసి. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మొదటి ఫోన్ అదే.

ఎక్స్ఛేంజి బాబాయ్
అవునమ్మా, మంచి పని అది. సరే, శీను గారికి. ఓఎన్‌టీకి కరెంటు కావాలని నాకు తెలియక కాదు చెప్పింది. ఓఎన్‌టీకి చిన్న యూపీఎస్ పెడితే తీగ ఫోన్ గంటల తరబడి నడుస్తుంది. కార్డ్‌లెస్ అయితే బేస్‌కు ఇంకో యూపీఎస్ కావాలి. రూటర్‌కు అమ్మే మినీ యూపీఎస్ 12 వోల్టులు ఇస్తుంది. కార్డ్‌లెస్ అడాప్టర్లు చాలావరకు 5.5, 6.5 వోల్టులవి. పిన్ను దూరింది కదా అని గుచ్చితే బేస్ కాలిపోతుంది. 2023లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్ళికరణై వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో గుర్తు చేసుకోండి. కరెంటు మీద ఆధారపడే సామాను ఎన్ని తగ్గితే అంత మంచిది.

అంబత్తూర్ శీను
మళ్ళీ వరదలేనా! వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది బాబాయ్ గారూ, దొంగ కాల్ రోజూ వస్తుంది. రెండు గంటల్లో మీ ఫోన్ కట్ చేస్తాం, తొమ్మిది నొక్కండి అని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరుతో రికార్డింగ్ వస్తుంది. నొక్కితే పోలీసునంటూ ఒకడు లైన్లోకి వస్తాడు, డిజిటల్ అరెస్ట్ అంటాడు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఆ సంగతి భయపడి కూర్చున్న పెద్దాయనకు తట్టదు.

మా నాన్నగారికి అదే జరిగింది. ల్యాండ్‌లైన్‌కే వచ్చింది కాల్. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఫోన్ పెట్టెయ్యనివ్వలేదు. అమ్మతో కూడా చెప్పొద్దన్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ విడగొట్టి పంపించారు. బ్యాంకు కౌంటర్‌లో ఎందుకు సార్ ఇంత మొత్తం అని ఒక్క మాట అడిగి ఉంటే ఆగేవారేమో, అడగలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి రాత్రి అయింది, ఒక్క రూపాయి తిరిగి రాలేదు. ఆయన ఆ తర్వాత చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అందుకే మెషిన్ పెట్టాను. లిస్టులో ఉన్న నంబర్లకే రింగ్ మోగుతుంది. మిగతావన్నీ చప్పుడు లేకుండా మెషిన్‌కు వెళ్తాయి. నేను ఆఫీసు నుంచి ఇంటి నంబరుకు డయల్ చేసి, కోడ్ నొక్కి మెసేజీలు వింటాను. నాన్న ఎత్తాల్సిన అవసరమే లేదు.

తిరువాన్మియూర్_హరి
కోడ్ అన్నారు కాబట్టి చెబుతున్నా, కంపెనీ పెట్టిన కోడ్ కొన్న రోజే మార్చాలి. యూజర్ మాన్యువల్ ఎవరైనా చదవొచ్చు.

మైలాపూర్ పిన్ని
శీనూ, మీ నాన్నగారికి జరిగింది చదివి చాలా బాధపడ్డాను. కానీ నేను అవతలి వైపు నుంచి చెప్పాలి. నాకూ డెబ్బై దాటాయి, ఒక్కదాన్నే ఉంటాను. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. అచ్చం నువ్వు చెప్పిన ఏర్పాటే మా ఇంట్లో చేశాడు. పెద్దవాళ్ళ మేలు కోసమేనన్నాడు.

మా తోటికోడలిది కావలి. ఆవిడను ఆసుపత్రిలో చేర్చినప్పుడు వాళ్ళ పాప అక్కడి ల్యాండ్‌లైన్ నుంచి నాకు చేసింది. ఆ నంబరు లిస్టులో లేదు. నా ఇంట్లో ఫోన్ మోగలేదు. మెషిన్ ఇంగ్లీషులో ఏదో చెప్పింది, ఆ పిల్ల రాంగ్ నంబరనుకుని పెట్టేసింది. మా అబ్బాయి మెసేజీలు వింటాడు కదా అంటావేమో, మెసేజీ ఉంటే కదా వినడానికి. నాకు కబురు తెలిసేసరికి ఆవిడ మాట పడిపోయింది. ముప్పై ఏళ్ళు ఒక ఇంట్లో కలిసి వండుకున్నాం మేము.

నా ఇంటి ఫోన్ నాకు మోగకుండా చేసే హక్కు నా కొడుక్కు కూడా లేదు. ఆ రోజే ఆ పెట్టె తీయించేశాను.

అంబత్తూర్ శీను
పిన్నిగారూ, మీ బాధ అర్థమవుతుంది. కానీ డబ్బు పోయాక ఆ ఇంటిని ఎత్తుకునేది పిల్లలే. హక్కు అంటున్నారు, మా నాన్న మందుల ఖర్చు ఇప్పుడు ఎవరు పెడుతున్నారు? నేనే. దూరంగా ఉండి ఏమీ చెయ్యలేకపోవడం ఎలా ఉంటుందో ఆ స్థానంలో ఉంటే తెలుస్తుంది.

ఎక్స్ఛేంజి బాబాయ్
శీను, ఇది అన్యాయం. మందులకు డబ్బిస్తున్నావని తండ్రి ఫోన్ నీ చేతిలోకి తీసుకుంటావా? దొంగ కాల్‌లో వాళ్ళు చేసిందీ అదే కదా, ఎవరితో మాట్లాడాలో వాళ్ళే చెప్పారు.

అంబత్తూర్ శీను
నన్ను ఆ దొంగలతో పోలుస్తారా? పెద్దవారని ఊరుకుంటున్నాను. వెనక్కి తీసుకోండి ఆ మాట.

నిర్వాహకులు
ఇద్దరూ కాస్త ఆగండి. పోలికలు వద్దు. అడిగిన ఆవిడ ఫోన్ గురించి అడిగారు.

పల్లావరం_పద్మ
శీను గారూ, ఒక్కటి అడగనా? ఆ లిస్టు పెట్టేటప్పుడు నాన్నగారిని అడిగారా?

అంబత్తూర్ శీను
అడగలేదు. అడిగితే వద్దంటారు. మళ్ళీ ఆ రోజు చూడలేను, అంతే. నాన్నను దాచిపెట్టాలని కాదు.

మైలాపూర్ పిన్ని
నీ భయం నాకు తెలుసు బాబూ, నేనూ తల్లినే. కానీ మీ నాన్న సిగ్గుపడుతున్నారు, ఇంకా ఫోన్ కూడా ఎత్తనివ్వకపోతే నాకిక బుద్ధి లేదని ఇంట్లో తీర్మానించారని అనుకుంటారు. మా అబ్బాయితో నేను అన్నది అదే. ముందు ఆయనతో కూర్చుని, ఏ కాల్ ఎత్తాలో ఇద్దరూ కలిసి అనుకోండి.

వేళచ్చేరి కోడలు
ఇంత చర్చ అవుతుందనుకోలేదు. పిన్నిగారి మాట చదివి నిన్న అత్తగారినే అడిగాను. ఆవిడ అన్నది: "మోగడం మాత్రం మోగాలి. నేను లేచేదాకా ఆగాలి. అటు ఎవరో నాకు వినబడాలి." ఇవి మూడూ చేసే ఫోన్ ఉందా?

గిండీ_రేడియో
ఉంది. మొదటిదానికి ఎవరి నంబరూ అడ్డుకోవద్దు, అందరికీ మోగనివ్వండి. రెండోదానికి ఎన్ని రింగుల తర్వాత మెషిన్ ఎత్తాలో మార్చుకోవచ్చు, కొన్ని మోడళ్ళలో ఏడు దాకా ఉంటుంది. టోల్ సేవర్ అనే సెట్టింగ్ పెట్టొద్దు. కొత్త మెసేజీ ఉంటే అది త్వరగా ఎత్తేస్తుంది, ఆవిడ లేచే లోపు కాల్ మెషిన్‌కు పోతుంది. మూడోది కాల్ స్క్రీనింగ్. అవతలివాళ్ళు మెసేజీ చెబుతుంటే ఆ గొంతు స్పీకర్‌లో వినిపిస్తుంది. మనవాళ్ళయితే అప్పుడే ఎత్తి మాట్లాడొచ్చు. తొమ్మిది నొక్కమనే రికార్డింగ్ అయితే కూర్చున్న చోటే తెలిసిపోతుంది. శీను గారి భయానికీ ఇదే మందు అని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ముఖ్యం గ్రీటింగ్. కంపెనీ ఇంగ్లీషు గొంతు వదిలెయ్యకండి. అత్తగారి గొంతుతోనే తెలుగులో రికార్డ్ చేయండి, "వస్తున్నాను, లైన్లోనే ఉండండి, లేదా పేరు చెప్పండి" అని. పిన్నిగారి ఇంట్లో ఇదొక్కటి ఉన్నా ఆ పాప ఫోన్ పెట్టేసేది కాదు.

ఎక్స్ఛేంజి బాబాయ్
లెక్క చెబుతాను. మన రింగ్ రెండు చిన్న మోతలు, తర్వాత రెండు సెకన్ల విరామం, మొత్తం మూడు సెకన్లు. ఏడు రింగులంటే ఇరవై ఒక్క సెకన్లు. వంటింట్లో హ్యాండ్‌సెట్ ఉంటే ఎంత మెల్లగా నడిచినా సరిపోతుంది.

తీగ ఫోన్ మాత్రం పారేయొద్దు. అదే లైనుకు జతగా పడగ్గదిలో పెట్టండి, ఓఎన్‌టీకి యూపీఎస్ పెట్టండి. ఇది మాత్రం నేను వదలను.

అంబత్తూర్ శీను
జతగా ఉంచితే నాకూ అభ్యంతరం లేదు. నేను ఇంకా లిస్టు పక్షమే, స్క్రీనింగ్ విని కూడా ఎత్తేసే మనిషి మా నాన్న. కానీ ఆదివారం వెళ్ళి ఆయనతో మాట్లాడతాను. ఆసుపత్రి నంబర్ల సంగతి నాకు తట్టలేదు, అవి ఎలా చేర్చాలో చూస్తాను.

వేళచ్చేరి కోడలు
రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతాయా?

గిండీ_రేడియో
మామూలు కార్డ్‌లెస్‌లు పానాసోనిక్, బీటెల్ దొరుకుతాయి. ఆన్సరింగ్ మెషిన్ ఉన్నవి మన మార్కెట్లో తక్కువ, అడిగి తెప్పించుకోవాలి. పెట్టె మీద ఆ మాట ఉందో లేదో చదవండి. స్పీకర్‌ఫోన్ ఉన్నదే ఆన్సరింగ్ మెషిన్ అని షాపువాళ్ళు ఇచ్చేస్తారు. కాలర్ ఐడీ దగ్గర ఎఫ్‌ఎస్‌కే, డీటీఎంఎఫ్ (లైన్లో నంబరు పంపే రెండు పద్ధతులు) రెండూ రాసి ఉండాలి, లేకపోతే ఎవరు చేస్తున్నారో తెర మీద పడకపోవచ్చు. బ్యాటరీలు మామూలు పెన్సిల్ సెల్స్ సైజువే, కానీ రీచార్జబుల్‌వే వెయ్యాలి. పాతవి అయిపోయాయని మామూలు సెల్స్ వేసి చార్జింగ్‌లో పెడితే కారిపోతాయి. ఈ సంగతి మామగారికి చెప్పి ఉంచండి.

మైలాపూర్ పిన్ని
హ్యాండ్‌సెట్‌లో అంకెలు పెద్దవా, రింగ్ గట్టిగా వినిపిస్తుందా అన్నది షాపులోనే ఆవిడ చేతికి ఇచ్చి చూపించమ్మా. ఆవిడను తీసుకునే వెళ్ళు.