సమస్య (తేటగీతి చివరి పాదం; ముందరి మూడూ మీరు కూర్చాలి): నీట మునిగిన యిల్లె పో నిలుచుఁ జిరము

నిర్వాహకుడు: మునిగిన ఇల్లు కూలాలి గానీ నిలవడమేమిటి? ఆ చిక్కు విప్పండి. వస్తువు, సొంతిల్లు కట్టుకుంటున్న కుటుంబం. పని ఏ దశలో ఉందో పద్యంలో తెలియాలి. ఉత్త వరద వర్ణనలు వద్దు.

రసమట్టం:
పొద్దు పొడువగ స్లాబుపైఁ బోసి కట్ట,
మడుల నిండుగ నీళ్ళతో మరువకుండ
దినము లిరవై తడిపినఁ దీఱుఁ గొఱఁత;
నీట మునిగిన యిల్లె పో నిలుచుఁ జిరము

గణగురువు: మూడో పాదం చూసుకోండి. "లిరవై" సగణం (రెండు లఘువులు, ఒక గురువు), అక్కడ రావలసిన ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. "లిరువది" అంటే నలం (నాలుగు లఘువులు), సరిపోతుంది. "పొడువగ" తర్వాత "స్లా" వచ్చింది కదా, గ గురువా అని అడగబోయేవారికి: అయితే నగం (మూడు లఘువులు, ఒక గురువు), కాకపోతే నలం. రెండూ చెల్లుతాయి. "మడుల" మాత్రం భలే పడింది.

తాపీ: పనిలో ఒక మెట్టు విడిచారు రసమట్టం గారూ. కట్ట పోసేది మర్నాడు. ఈలోగా పైపొర బిగుసుకోగానే తడి గోనెపట్టాలు కప్పకపోతే కొన్ని గంటల్లోనే వెంట్రుకవాసి పగుళ్ళు లేస్తాయి. అలాగని పచ్చి స్లాబు మీద పైపుతో ధారగా కొడితే సిమెంటు పాలు కొట్టుకుపోయి ఇసుక తేలుతుంది. ఇరవై రోజులు మంచిదే. సాదా సిమెంటుకు 7, బొగ్గు బూడిద (ఫ్లై యాష్) కలిసినదానికి 10 రోజులకు తగ్గకూడదు. ఎండలు ముదిరితే 14.

పలక:
తల్లి యిసుకను జల్లింపఁ దండ్రి మోయ,
కొడుకు లిటుకల నందింపఁ గూఁతు రొకతె
కొలత దారము పట్టగఁ గురియు చెమట
నీట మునిగిన యిల్లె పో నిలుచుఁ జిరము

గణగురువు: మూడో పాదం చివరి "చెమట"ను సమస్యలోని "నీట"కు తగిలించారు. విరుపంటే ఇదీ! ఈ వారం ఇంతకు మించినది రావడం కష్టం.

రసమట్టం: విరుపు నాకూ నచ్చింది. కానీ పలక గారూ, దారంతో వరసే తెలుస్తుంది, నిలువు తెలియదు. మూలమూలకీ తూకపు గుండు వేలాడదీయాలి. పోయిన వారం పునాది పద్యంలోనూ ఇంతే, ఒక్క పాదంలో మట్టంతా నింపేశారు. ఆరంగుళాల పొర వేసి, నీళ్ళు కట్టి, దిమ్మిస కొట్టి, ఆపైన మరో పొర. ఒకేసారి నింపితే ఏడాది తిరిగేసరికి గచ్చు కుంగుతుంది.

పలక: పునాది పద్యం సంగతి ఒప్పుకుంటాను. మీ "లిరవై" కూడా దిద్దేయండి మరి.

తాపీ:
ఇటుక తొట్టిలో బుడగల నెల్ల విడువ,
దాహ మంతయుఁ దీరినఁ దాపి పట్టి
అతుకుమీదనె యతుకు రానట్లు పేర్చ
నీట మునిగిన యిల్లె పో నిలుచుఁ జిరము

పలక: మొదటి పాదంలో ఇ-నె యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి) ఎలా కుదిరింది?

గణగురువు: "బుడగలన్ + ఎల్ల" అని విడదీయండి. ఇ, ఎ మైత్రి. మూడో పాదంలో "రాని + అట్లు", అక్కడ అ, అ. రెండూ స్వరయతులే. తాపీ గారు ఇలా వరసగా తేవడం అరుదు.

రసమట్టం: "దాహ మంతయుఁ దీరిన" గొప్ప మాట. ఎండిటుక మాలు(సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద)లో నీళ్ళు పీల్చేస్తే మాలు పిండిలా రాలుతుంది. అయితే తొట్టిలోంచి తీసినది తీసినట్టు పేర్చినా జారుతుంది, పైతడి ఆరాలి. బూడిద ఇటుకకైతే నానబెట్టే పని లేదు, చిలకరింపు చాలు.

నిర్వాహకుడు:
కలుపు వేళను నీళ్ళకుఁ గళ్ళె మిడుచు,
పోఁత ముగిసిన పిమ్మటఁ బొదుపు మాని
చెఱువు చేయఁగ స్లాబునే చింత యేల?
నీట మునిగిన యిల్లె పో నిలుచుఁ జిరము

తాపీ: అసలు కీలకం ఈ మొదటి పాదమే. 50 కిలోల బస్తాకు నీళ్ళు సుమారు 25 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. సులువుగా జారుతుందని మరో బకెట్ పోస్తే, ఆ నీరు ఆవిరయ్యాక మిగిలేవి బొరియలే. తర్వాత ఎన్నాళ్ళు చెఱువు కట్టినా అవి పూడవు. ఇంటివాళ్ళలో ఒకరు నిలబడవలసింది మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర, బకెట్లు లెక్కపెడుతూ.