వీ-173 గుండ్రటి రెక్క మోడల్: ప్రొపెల్లర్లు ఎటు తిరగాలి, సీజీ (బరువు కేంద్రం) ఎక్కడ?

సైనిక్‌పురి_ఫోమ్:
రెండో ప్రపంచయుద్ధం నాటి ఛాన్స్ వాట్ వీ-173 విమానాన్ని రేడియో కంట్రోల్ మోడల్‌గా ఫోమ్‌లో కడుతున్నా. రెక్క వ్యాసం 600 మి.మీ., 5 మి.మీ. డెప్రాన్ (ఫోమ్ షీట్). 2212 1000 కేవీ మోటార్లు రెండు (మధ్య దూరం 400 మి.మీ.), 30 ఆంప్స్ ఈఎస్సీలు (మోటార్ వేగాన్ని అదుపు చేసేవి) రెండు, 3ఎస్ 2200 బ్యాటరీ, 1045 (10 అంగుళాల) ప్రొపెల్లర్లు. మొత్తం 800 గ్రాములు దాటకూడదని లెక్క. ప్రొపెల్లర్లు ఎటు తిరగాలో ఒక ప్లాన్‌లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంది. ఏది కరెక్ట్? సీజీ ముక్కు నుంచి మూడో వంతు దగ్గర పెట్టొచ్చా? డెప్రాన్ బదులు సన్‌బోర్డ్ నడుస్తుందా?

బాల్సా_భాయ్:
వెనక నిలబడి చూస్తే కుడి మోటార్ గడియారం దిశలో, ఎడమది దానికి ఎదురు తిరగాలి. అంటే రెక్క చివర వైపున్న బ్లేడు కిందికి దిగాలి, కాక్‌పిట్ వైపుది పైకి లేవాలి.

రెక్క కింద ఒత్తిడి ఎక్కువ కాబట్టి గాలి చివర్ల చుట్టూ కిందినుంచి పైకి సుడి తిరుగుతుంది. పొడవాటి రెక్కకు ఆ సుడి చేసే నష్టం చివర్లతో పోతుంది. వీ-173 యాస్పెక్ట్ రేషియో (రెక్క వెడల్పుతో పోలిస్తే దాని పొడవు) 1.27 దగ్గర, రెక్కంతా చివరే అనుకోండి. ఆ సుడికి ఎదురు తిరిగే పెద్ద ప్రొపెల్లర్లను సరిగ్గా అక్కడే పెట్టాడు దాని డిజైనర్ చార్లెస్ జిమర్మన్. రెక్క అడ్డంగా 23 అడుగుల 4 అంగుళాలు, ఒక్కో ప్రొపెల్లర్ 16 అడుగుల 6 అంగుళాలు. 1942 నవంబరు 23న మొదటిసారి ఎగిరినప్పుడు అందులో ఉన్నవి 80 హార్స్‌పవర్ ఇంజిన్లు రెండే!

మీ స్కేలుకు 16 అంగుళాల పైనే కావాలి. 10తో మధ్యలో దాదాపు 15 సెం.మీ. మేర రెక్కకు ప్రొపెల్లర్ గాలి అందదు, లాభం కొంతే. ఎటు తిప్పినా ఎగురుతుంది, కాకపోతే తారుమారైతే ముక్కెత్తి నెమ్మదిగా పోనిచ్చేటప్పుడు థ్రాటిల్ ఎక్కువ అడుగుతుంది.

మామూలు 1045 కుడికి, 1045ఆర్ (ఎదురు దిశలో తిరిగేది) ఎడమకు. రెండింటికీ అంకెలున్న ముఖం ముందుకే. ప్రొపెల్లర్ బిగించకముందే మోటార్ బెల్ మీద చిన్న మాస్కింగ్ టేప్ ముక్క జెండాలా అంటించి తిప్పి చూడండి. తప్పుగా తిరిగితే మూడు వైర్లలో ఏవైనా రెండు అటూ ఇటూ మార్చండి. ఎడమ మోటార్ నట్ మామూలు కుడి మరదైతే థ్రాటిల్ పెంచిన ప్రతిసారీ వదులవుతూ పోతుంది. దానికి నైలాక్ నట్ కానీ థ్రెడ్‌లాక్ కానీ ఉండాల్సిందే.

ఉప్పల్_ఎలివాన్:
మూడో వంతు అంటే 200 మి.మీ. అక్కడ పెడితే చేతిలోంచి వదలగానే ముక్కెత్తి తిరగబడుతుంది. గుండ్రటి రెక్క సగటు కార్డ్ (ముందు అంచు నుంచి వెనక అంచుకు దూరం) వ్యాసంలో 0.85 వంతు, మీకు 509 మి.మీ. అది ముక్కుకు 45 మి.మీ. వెనక మొదలవుతుంది. దానిలో పావు 127, కలిపితే 172. ఇంత పొట్టి రెక్కకు లిఫ్ట్ కేంద్రం ఆ పావు గీత కంటే ముందే ఉంటుంది, ముందున్న ప్రొపెల్లర్లు ఇంకాస్త ముందుకు లాగుతాయి. అందుకే మొదటి ఫ్లైట్‌కు 135 మి.మీ., ఎలివాన్లు (వెనక అంచున కదిలే పలకలు) రెండూ 3 మి.మీ. పైకి. ముక్కు మరీ బరువనిపిస్తే 5 మి.మీ. చొప్పున వెనక్కి జరపండి.

సర్వోలు (ఎలివాన్లను కదిపే చిన్న మోటార్లు) తోకలో వద్దు. అక్కడ 10 గ్రాములు పెరిగితే ముక్కులో 30 గ్రాములకు పైనే సీసం పెట్టాలి. రోల్ చాలా చురుగ్గా ఉంటుంది, ఎలివాన్ల కదలిక 8 మి.మీ. మించనివ్వకండి, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన తగ్గించే రేడియో సెట్టింగ్) 35 శాతం.

సన్‌బోర్డ్ అంటే షాపులో చాలావరకు పీవీసీ షీటే ఇస్తారు. 5 మి.మీ. దాంతో రెక్క ఒక్కటే ముప్పావు కిలో అవుతుంది. కాగితం అంటించిన ఫోమ్‌బోర్డ్ అయితే పర్లేదు.

టాక్సీరన్:
వీ-173 తర్వాత కట్టిన ఎక్స్‌ఎఫ్5యూ ఫైటర్ కూడా ఇలాగే బాగా ఎగిరిందట కదా, దాని ప్లాన్ తీసుకోవచ్చుగా?

బాల్సా_భాయ్:
ఎగిరింది వీ-173 మాత్రమే. ఎక్స్‌ఎఫ్5యూ టాక్సీ పరుగుల్లో నేల మీంచి కాస్త లేచిందంతే, 1947 మార్చిలో నేవీ రద్దు చేసింది. అప్పటికి జెట్లు వచ్చేశాయి. అల్యూమినియం రేకుల మధ్య బాల్సా పెట్టిన మెటలైట్‌తో కట్టారు, పగలగొట్టడానికి ఇనుప గుండు వాడాల్సొచ్చింది.

అసలు విమానాల్లో ఇంజిన్లు రెండింటినీ షాఫ్టులతో కలిపారు. ఒకటి ఆగినా ప్రొపెల్లర్లు రెండూ తిరుగుతాయి. మోడల్‌లో ఆ భాగ్యం లేదు. బ్యాటరీ తగ్గి ఒక ఈఎస్సీ ముందుగా కటాఫ్ అయితే (మోటార్ ఆపేస్తే) అక్కడికక్కడే గిర్రున తిరిగి పడుతుంది. రెండింట్లోనూ కటాఫ్ 'సాఫ్ట్'లో (పవర్ నెమ్మదిగా తగ్గేలా) పెట్టి, రేడియోలో 5 నిమిషాల టైమర్ పెట్టండి. థ్రాటిల్ క్యాలిబ్రేషన్ వై-కేబుల్‌తో రెండు ఈఎస్సీలకూ ఒకేసారి చేయండి. ఒక ఈఎస్సీ రిసీవర్ ప్లగ్‌లోంచి ఎర్ర వైరు పిన్ను లాగేసి టేపు చుట్టండి, బీఈసీ (ఈఎస్సీలో రిసీవర్‌కు కరెంటిచ్చే భాగం) ఒకటే పనిచేయాలి.

సైనిక్‌పురి_ఫోమ్:
థాంక్స్ అన్నా. చేత్తో విసరొచ్చా?

ఉప్పల్_ఎలివాన్:
ఒక్కరే అయితే వద్దు, రెండు పక్కలా 10 అంగుళాల బ్లేడ్లు. ఇంకొకరు వెనక అంచు మధ్యలో పట్టుకుని 60 శాతం థ్రాటిల్‌లో సూటిగా ముందుకు తోయాలి. దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూయొద్దు. ముక్కెత్తిన ఈ రెక్కకు డ్రాగ్ విపరీతం, మూసిన మరుక్షణం రాయిలా పడుతుంది.

ఎండాకాలం మోటార్ మౌంట్లకు హాట్ గ్లూ పనికిరాదు, మన ఎండకు మెత్తబడి మోటార్ పక్కకు వాలుతుంది. ఎపాక్సీ వేయండి. మీరున్నది హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ పక్కనే కాబట్టి గ్రౌండ్ ఖరారు చేసేముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) జోన్ చూసుకోండి. అటు దుండిగల్, ఇటు బేగంపేట, కింద శంషాబాద్.